సికింద్రాబాద్ టోపీలు

నలుగురి ముందు మీరు చెప్పిన అబద్ధానికి ఎప్పుడైనా చప్పట్లు పడ్డాయా? నాకు పడ్డాయి. మెదక్‌లో, పోలీసు చర్య అయిన కొద్దిరోజులకు, బడి మైదానంలో. ఆ చప్పట్ల బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోస్తూనే ఉపన్యాసాలిచ్చాను. మోస్తూనే దేవుడి మీద, కులం మీద, శకునాల మీద వ్యాసాలు రాశాను. ఎదుటివాడి మాటలో పగులు ఎక్కడుందో చటుక్కున పట్టేవాణ్ని. నా మాటలోని పగులు మీద మాత్రం ఇంతకాలం దుప్పటి కప్పి ఉంచాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా పేరు ఇక్కడ రాయను. మెదక్ వాళ్లకు చదువుతుండగానే తెలిసిపోతుంది.

ఊళ్లలో కమ్యూనిస్టుల సంఘం లేచి, దొరలు కోటల్లాంటి తమ గడులు వదిలి హైదరాబాద్ పారిపోయిన రోజులవి. వెట్టి ఆగింది. నేను సంతోషించి వ్యాసం రాశాను. వెట్టితో పాటు గడి నుంచి వచ్చే గంజి కూడా ఆగిందనీ, మా ఊరి మాదిగవాడలో పొయ్యిలు వెలగడం లేదనీ నాకు ఎస్తేరమ్మ చెప్పేదాకా తట్టలేదు. భర్త చనిపోయిన మనిషి. మరియమ్మ అని ఒక్కతే కూతురు. ఎస్తేరమ్మ చిన్నప్పుడు చర్చి బడిలో ఒక తెల్లదొరసాని దగ్గర కుట్టు నేర్చుకుందట. దొర గడి వాకిలి ఊడుస్తూనే పెద్దదయింది. తన కూతురు ఆ వాకిలి తొక్కకూడదని ఆమె పట్టుదల. ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

నాతో ‘నీ బాంచెన్’, అంటే నీ బానిసను, అనొద్దని, ‘సారూ’ అంటే చాలని నేనే చెప్పాను. ఒకనాడు వాడలో దేవుడు లేడని గట్టిగా వాదిస్తుంటే ఆమె అంబలి ముంత నా చేతికిచ్చి నవ్వింది. “మీకు దేవుడు లేడంటరు సారూ, నాకు కుట్టుమిషన్ లేదు. ఎవలి లోటు పెద్దదో మీరే చెప్పుండ్రి.” అంబలి తాగాను. ఆ వాదంలో ఓడిపోయాను. తెలిసినవాళ్లను అడిగి పాత మిషన్లు పోగుచేసి వాడలో పెట్టించాను.

ఎస్తేరమ్మ మిగతా ఆడవాళ్లకు నేర్పింది. మొదట్లో సూదులు విరిగాయి, తిట్లు పడ్డాయి, చీరకొంగులు మిషన్ కింద పడి చిరిగాయి. తర్వాత రవికలు వచ్చాయి, అంగీలు వచ్చాయి. వాటిని బజారులోని నా గదిలో పెట్టి అమ్మేవాణ్ని. ఎవరు కుట్టారో ఎవరికీ చెప్పలేదు. చెబితే కొనరు. మాదిగవాళ్ల చెయ్యి తగిలిన కొత్త బట్టను నీళ్లు చల్లి కూడా ఇంట్లోకి తీసుకోని ఊరది.

తప్పు అక్కడ మొదలైందా? అప్పుడది నాకు తప్పులా తోచలేదు. గొప్ప యుక్తిలా తోచింది. నేను వాదాలలో పెరిగినవాణ్ని. ప్రత్యర్థిని అతని కాళ్ల మీదే నడిపించి గుంటలో పడేయడం మా విద్య. ఊరివాళ్లు ముందు ఈ బట్టలు తొడుక్కోనీ, ఉతుక్కోనీ, పెళ్లిళ్లకు కట్టుకోనీ, అప్పుడు ఒక సభలో లేచి, ‘అయ్యా, మీ ఒంటికి ఏం అంటింది, చూపించండి’ అని అడుగుతాను. అంటరానితనం అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఇదీ నా ఆలోచన. ఎస్తేరమ్మకు చెబితే ఆమె పెద్దగా మెచ్చుకోలేదు. నా వాదం గెలవడం తర్వాత సంగతి, తమకు పని నిలవాలి, తమ పేరు మీద నిలవాలి అంది. రెండూ ఒకటేనని నేను నచ్చజెప్పాను. ఒకటే అయ్యుంటే ఇవాళ ఈ రాత ఉండేది కాదు.

సైన్యం వచ్చింది. రజాకార్ల భయం పోయింది. ఒక్కసారిగా ఊరందరికీ జెండాలు కావాలి, తెల్లటోపీలు కావాలి. నిన్నటిదాకా ఇంకో టోపీ పెట్టుకున్న వాళ్లకు మరీ తొందర. వాడలో ఆడవాళ్లు తలెత్తకుండా కుట్టారు. పారిపోయిన దొరలు కూడా సైన్యం వెనకాలే తిరిగొచ్చి ఆ టోపీలే పెట్టుకున్నారు. ఎస్తేరమ్మ ఇరుగుపొరుగుతో, “నెత్తి దొరది, టోపీ మాది” అని నవ్విందని తర్వాత విన్నాను.

జెండా ఎగరేసే రోజు కొత్తగా వచ్చిన అధికారి సభకు వస్తున్నాడన్నారు. బడిపిల్లలకు, దవాఖానాకు బట్టలు కుట్టించే పని ఆయన చేతిలో ఉంది. నేను వాడకు వెళ్లి మాటిచ్చాను. ఆ సభలోనే మీ పేర్లు చెబుతాను, ఆ పని మీకే ఇప్పిస్తాను అన్నాను. ఆడవాళ్లు ఉతికిన చీరలు కట్టుకుని వచ్చి మైదానం చివర తాడు అవతల నిలబడ్డారు. మరియమ్మ తల్లి పక్కన ఉంది.

అధికారి జెండా అంచు పట్టుకుని చూశాడు. కుట్టు బాగుంది, ఎవరు కుట్టారో చెబితే సర్కారు పని వాళ్లకే ఇస్తాం అన్నాడు. నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన క్షణం. లేచాను. నా పక్క కుర్చీలో కౌడిపల్లి వైపు దొర ఒకాయన ఉన్నాడు. టోపీ సర్దుకుంటూ నా వైపు తిరిగి, “ఏం పంతులూ, ఎవలు కుట్టిన్రు? మనోళ్లేనా?” అన్నాడు.

“సికింద్రాబాద్ కెళ్లి తెప్పించిన దొరా” అన్నాను.

‘దొరా’ అన్నాను. ఆ పిలుపు మీద అంతకు ముందే వ్యాసం రాసినవాణ్ని.

అధికారి ఆ మాటను అందరికీ వినబడేలా చెప్పి, ఆ పనివాళ్లతో నన్నే మాట్లాడమన్నాడు. చప్పట్లు కొట్టారు. తాడు అవతల కూడా ఎవరో అర్థం కాక చప్పట్లు కొట్టారు. నేను కూర్చున్నాను.

ఎందుకన్నానని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. సంఘంవాళ్లను పట్టుకుపోతున్న రోజులవి, వాడ పేరు ఎత్తితే నన్నూ కమ్యూనిస్టు అని జైల్లో పెడతారేమోనని భయపడ్డాను అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. మంచి కారణం. నిలబడే కారణం. కాని అబద్ధం. ఆ క్షణాన జైలు నాకు గుర్తే రాలేదు. గుర్తొచ్చింది ఆ దొర మొహం. టోపీ తీసి నేలకేసి కొడతాడు, అందరూ నన్ను చూస్తారు, ఆ నలుగురి మధ్య వేదిక మీద దొరికిన నా కుర్చీ మాదిగవాడది అయిపోతుంది. సిగ్గుపడ్డాను. తాడు అవతలి ఆడవాళ్లు నావాళ్లని చెప్పడానికి సిగ్గుపడ్డాను. కులం లేదని ఊరూరా చెప్పినవాడి లోపల కులం అంత హాయిగా ఎట్లా కూర్చుంది?

మర్నాడు ఎస్తేరమ్మ నా గదికి వచ్చింది. గడప అవతలే నిలబడింది. ఎప్పుడూ లోపలికి వచ్చి కూర్చునే మనిషి.

“సికింద్రాబాద్ల ఎవలున్నరు సారూ మీకు?”

“పరిస్థితి గట్లున్నది ఎస్తేరమ్మా. జర ఓపిక పట్టు. నాలుగు దినాలు పోనీ.”

“దొర మమ్ముల అంటరానోళ్లంటడు, మొఖం మీదనే అంటడు. మీరు మా ఇంట్ల అంబలి తాగిండ్రు. తాగి, మేమే లేమన్నరు. దొరతోని ఎట్ల బతకాల్నో మాకు ఎర్కే సారూ. మీతోనే ఎట్ల బతకాల్నో తెల్వకపాయె. మిషన్లు మీయి, తెప్పిచ్చుకోండ్రి.”

బండి పంపి తెప్పించుకున్నాను. అది కూడా చేశాను. బడిపిల్లల బట్టల పని నిజంగానే సికింద్రాబాద్ దుకాణానికి పోయింది. మాట్లాడి కుదిర్చింది నేనే. చెప్పిన అబద్ధాన్ని నిజం చేయడానికి నేను పడిన శ్రమలో సగం పడినా ఆ పని వాడకు దక్కేది.

ఆడవాళ్లు మళ్లీ గడికి పోయారు. వెట్టి పేరు పోయింది, పని పోలేదు. కొన్నాళ్లకు కౌడిపల్లి వైపు ఒక సభకు పోతూ గడి ముందు నుంచి నడిచాను. మరియమ్మ వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి కొంగు లాక్కుని పక్కకు తొలగింది. నేను ఆగలేదు. సభకు పోయి స్త్రీల జీవనోపాధి గురించి మాట్లాడాను. బాగా మాట్లాడానన్నారు. ఎస్తేరమ్మ టేక్మాల్ వైపు నాట్లకు పోయి అక్కడే చనిపోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె బతికి ఉండగా పోయి క్షమించమని అడగలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు. మరియమ్మ ఎక్కడుందో కనుక్కునే ధైర్యం నాకు లేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను, అది మీ చేతిలోది కాదు. చెప్పాను కాబట్టి ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది. అంతే.

ఒక పని మాత్రం మీరు చేయాలి. మెదక్‌లో ఆడవాళ్ల కోసం కుట్టుకేంద్రం కడుతున్నారు. దానికి నా పేరు పెడతారట, నా సేవకు గుర్తుగా. నేను వద్దంటే వినయమనుకుంటున్నారు. మీరు పోండి. ఈ కాగితం వాళ్ల ముందు పెట్టి చదవండి. ఆ బోర్డు లేవనివ్వకండి. బడిపిల్లల బట్టల పని ఆ వాడ ఆడవాళ్లకే ఇమ్మని, వాళ్ల పేర్లు నలుగురిలో చదివి మరీ ఇమ్మని పట్టుబట్టండి. ఎవరైనా మొహం చిట్లిస్తే కూర్చోకండి. నేను కూర్చున్నాను. మీరు నిలబడండి.