ఏడో వంతుకి నా సైన్యానికి సెలవు

మా చిన్నప్పుడు... తెనాలిలో మా మేనత్త ఇంటి ముందు గదిలో ఒక కంప్యూటర్, దాని ముందు ఒకే ఒక్క కుర్చీ ఉండేవి. ఆ కుర్చీ కోసం వేసవి సెలవులన్నీ యుద్ధం చేశాను. గెలిచాను కూడా. అందుకే ఇంత గొంతెత్తి చెబుతున్నాను, వినండి!

మాది రేపల్లె దగ్గర పల్లె. నాన్న మా చర్చి సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి. బడికి సెలవులివ్వగానే నన్ను ప్యాసింజర్ ఎక్కించి అత్తయ్య దగ్గరికి పంపేవారు. ఆ ఏడాది బాపట్లలో కాలేజీ చదువుతున్న మా బావ ఒక సీడీ తెచ్చాడు... రాజ్యాలు కట్టే ఆట. ఊరు కట్టాలి, పొలం దున్నించాలి, గోడ లేపాలి, సైన్యాన్ని పెంచాలి. అంతా వంతులవారీగా. బావ వంతు కాగానే అతని చెల్లెలు, మా వదిన, కూర్చుంటుంది. వదిన లేస్తే నేను. రాజ్యం పోయినవాళ్ళకి ఇక కుర్చీ లేదు... ఆట ముగిసేదాకా పక్కన నిలబడి చూడటమే.

"నీకెందుకే మరదలు పిల్లా? అంతా ఇంగ్లీషు. అక్కడ కూర్చుని చూడు" అన్నాడు బావ.

ఒళ్ళు మండింది నాకు. తెలుగు మీడియం పిల్లనే... అయితే ఏంటి? కంకి బొమ్మ అంటే తిండి, సుత్తి బొమ్మ అంటే పని, డాలు బొమ్మ అంటే కాపలా. బొమ్మలు చూసి నేర్చుకున్నాను. ఇవాళ కూటాల్లో నేను వాక్యం చెబుతున్నదీ అలాగే... పాస్టర్లకి చదువు చెప్పే ఏ సెమినరీ గడపా తొక్కలేదు. ఆకలి ఉన్నవాడికి దేవుడే పాఠం చెబుతాడు!

మొదటి ఆటలో, ఉపదేశి కూతురిని కదా... ఊరు వెలియగానే మందిరం కట్టాను. గోడ లేదు, కాపలా లేదు. దొంగలు పడి ఊరంతా తగలబెట్టారు.

"ప్రార్థన చేస్తే పారిపోతారనుకున్నావా?" అని వదిన పడీ పడీ నవ్వింది.

అప్పుడు గుర్తొచ్చింది, నాన్న ఎన్నిసార్లు చెప్పారో... బైబిల్లో ఒక చేత్తో పని చేస్తూ, ఇంకో చేత్తో ఆయుధం పట్టుకుని పట్టణానికి గోడ కట్టుకున్నవాళ్ళ సంగతి. వాళ్ళు ప్రార్థనా చేశారు, కాపలా కూడా పెట్టుకున్నారు. రెండో ఆటలో ముందు గోడ లేపాను. నాలుగో ఆటకి నా కింద మూడు ఊళ్ళు!

కానీ ఒక్క పద్ధతి మాత్రం మానలేదు. ఆరు వంతులు పని... ఏడో వంతు విశ్రాంతి. ఆ వంతున కూలీని కదపను, సిపాయిని కదపను. కూర్చోవడం, వంతు ముగించే బటన్ నొక్కడం, లేవడం. మా ఇంట్లో ఆదివారం పూట కొడవలి ముట్టేవారు కాదు. నా రాజ్యంలో మాత్రం ఎలా ముడతాను?

"ఏంటే, నీ సిపాయిలకి కూడా ఆదివారమా?" బావ వెక్కిరింత.

"చందా కూడా వేయిస్తుందేమో చూడన్నయ్యా" వదిన వంత.

దాంతో వెనకబడ్డాను, అబద్ధమెందుకు? నాకు మూడు ఊళ్ళయ్యేసరికి బావకి ఎనిమిది. అప్పుడు పందెం కట్టాడు. "శనివారం నువ్వు ఊరెళ్ళేలోపు నీ ఊళ్ళన్నీ పట్టేస్తా. పడితే ఇంకెప్పుడూ ఈ కుర్చీ అడక్కూడదు."

"పట్టలేకపోతే?"

"ప్రతి వేసవీ ముందు నువ్వే కూర్చో. నీ తర్వాతే నేను."

మా ఇంట్లో కంప్యూటర్ లేదు. ఆ కుర్చీ పోతే నాకిక ఆటే లేదు.

గురువారానికి రెండు ఊళ్ళు పట్టేశాడు. దెబ్బతిన్న నా సిపాయిలు చివరి ఊళ్ళోకి వచ్చి చేరారు. ఒక్కొక్కడి పక్కన బలం చూపే గీత ఎర్రగా... అయిపోవడానికి సిద్ధంగా. గోడ బయట బావ గుర్రాల దండు. నా వంతు వచ్చింది. లెక్క చూస్తే... ఏడోది!

వదినకే జాలేసింది. "ఈ ఒక్కసారికి మానెయ్యవే. బయటికొచ్చి కొట్టు. దేవుడేం అనుకోడులే."

మౌస్ బాణాన్ని సిపాయి మీదకి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళాననే చెబుతాను. కానీ ఎవరినీ కదపలేదు. బటన్ నొక్కి లేచి నిలబడ్డాను.

బావ చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు. కూర్చున్నవాడు అరిచాడు. "ఇదేంటే! ఇందాక ఎర్రగా ఉన్నాయిగా?"

నా సిపాయిల గీతలు పచ్చగా ఉన్నాయి!

నాకూ తెలియదు, ఒట్టు. ఆ ఆటలో కదలకుండా ఆగిన సిపాయికి గాయం మానుతుందట. బావకి అది తెలిసే అవకాశమే లేదు... ఏ రోజూ ఎవరినీ ఆగనిచ్చినవాడు కాదు. పరుగెత్తి పరుగెత్తి అలిసిన గుర్రాలన్నీ వచ్చి నా గోడకి కొట్టుకుని కూలిపోయాయి. ఎనిమిదో వంతుకి తలుపులు తెరిచాను. శుక్రవారం సాయంత్రానికి పోయిన రెండు ఊళ్ళూ తిరిగి నావే!

హల్లెలూయా అని నేనరిచిన అరుపుకి వంటింట్లోంచి అత్తయ్య గరిటెతో సహా వచ్చింది. "ఏరా, మరదలి చేతిలో ఓడిపోయావా? బాపట్లలో ఇదేనా చెప్పేది?"

బావ లేచాడు. చొక్కా అంచుతో కుర్చీ తుడిచి నా వైపు జరిపాడు. "కూర్చోవే... రాణిగారూ."

ఇవాళ కూటాల్లో మైకు పట్టుకుని "ఆగడం ఓటమి కాదు, అమ్మా, అయ్యా!" అని కేక వేస్తుంటే నా కళ్ళముందు ఆ పచ్చ గీతలే ఉంటాయి. పన్నెండేళ్ళ పిల్లనైనా పద్ధతి తప్పలేదు. గర్వంగానే చెప్పుకుంటాను, ఆ గర్వాన్ని ప్రభువే క్షమించాలి.

బావ ఇప్పటికీ ఆడతాడు... ఫోనులో, ఒక్కడే. ఎప్పుడూ తన వంతే. ఒకరి కోసం లేచి నిలబడే పనే లేకుండా పోయింది మనకి...

మీ చిన్నప్పుడు మీ కోసం లేచి చోటిచ్చింది ఎవరండీ? పేరు రాయండి... వాళ్ళు చదివితే సంతోషిస్తారు.