నాయనమ్మను పిలిచే గొంతు

దాచేపల్లి దగ్గర ఒక ఊళ్లో, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. పాటలు నేర్పడం నా ఉద్యోగంలో భాగం కాదు. పెళ్లికి ముందు నరసరావుపేటలో మా చర్చి క్వయర్‌లో పాడేదాన్నని ఒకసారి మాటల్లో మా హెడ్‌మాస్టరు గారికి చెప్పాను. కొన్నాళ్లకు జిల్లాస్థాయి బృందగాన పోటీలకు పిల్లల్ని పంపమని కబురు వచ్చినప్పుడు, ఆయన నన్ను అడగకుండానే ఒప్పుకున్నారు.

మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలందరినీ తీసుకున్నాను. ఏరుకోవడానికి అంతమంది లేరు. మొదటిరోజు నేనొక స్వరం పాడి, నాతో కలిసి పాడమన్నాను. అందరూ కలిసే అరిచారు. ఎక్కాలు ఎంత గట్టిగా అప్పజెపితే అంత బాగా వచ్చినట్టని వాళ్లకు నేర్పింది మేమే కాబట్టి వాళ్లను అనడానికి ఏమీ లేదు. పక్కవాళ్ల గొంతు వినపడేంత మెల్లగా పాడమన్నాను. అప్పుడు ఎవరూ పాడలేదు. అందరూ పక్కవాళ్ల గొంతు కోసం వింటూ కూర్చున్నారు.

కొన్ని వారాలకు పాట ఒక దారికి వచ్చింది. పత్తి చేలో పడే వాన మీద నేనే కట్టిన పాట. సాహిత్యం గొప్పదేమీ కాదు, వరస మాత్రం తేలిక. ఒక్క గొంతు కలవలేదు. నాలుగో తరగతి అమ్మాయిది. బొంగురు గొంతు. పాట పైకి వెళ్లినా కిందికి దిగినా ఆ పిల్ల ఒక్కచోటే ఉండేది. అదీ అందరికంటే గట్టిగా, ఎంతో ఇష్టంగా.

హెడ్‌మాస్టరు గారు ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి విన్నారు. తర్వాత ఆ పిల్లను పిలిచి, పాడక్కర్లేదనీ, పెదాలు కదిపితే చాలనీ, ముందు వరసలోనే నిలబెడతామనీ చెప్పారు. ఆయన లెక్కలో అది గౌరవమే. నేను గదిలోకి వచ్చేసరికి ఆ పిల్ల తలూపుతోంది. ఆ సాయంత్రం చెప్పినట్టే పెదాలు కదిపింది. పాట అంతకు ముందెన్నడూ లేనంత శుభ్రంగా వచ్చింది. నాకు మాత్రం ముందు వరస వైపు చూడబుద్ధి కాలేదు.

మర్నాడు ప్రేయరు కాకముందే ఆ పిల్ల నాయనమ్మ వచ్చింది. బడి వెనక మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే పని ఆమెది. పిల్లను పెంచుతున్నదీ ఆమే. చీరకు అంటుకున్న మిరప ఘాటుకు, ఆమె ఉన్నంతసేపూ హెడ్‌మాస్టరు గారు తుమ్ముతూనే ఉన్నారు.

"నిన్నటి నుంచి మా పిల్ల ఇంట్లో గూడా పెదాలే కదిపిద్ది టీచరమ్మా," అంది నాతో. "ఏందే అంటే, సారు పాడొద్దన్నాడంట. పాడొద్దంటే మాట్టాడటం ఎందుకు మానిందో నాకు తెలవదు. మీకు తెలిస్తే చెప్పండి."

హెడ్‌మాస్టరు గారు తుమ్ముల మధ్య పోటీ గురించి, బడి పేరు గురించి చెప్పారు. ఆమె ఆయన మాట పూర్తయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, మళ్లీ నావైపే తిరిగింది. పిల్ల పాడుతుందనీ, ఆ సంగతి నేను చూసుకుంటాననీ అన్నాను. ఎలా చూసుకుంటానో అప్పటికి నాకు తెలియదు.

ఆ వారమంతా మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టుకున్నాను. నేను స్వరం పాడితే ఆ పిల్ల తన స్వరం పాడేది. చెయ్యి పైకెత్తి చూపిస్తే తల పైకెత్తేది, గొంతు ఎత్తేది కాదు. నేను విసుక్కోలేదు, కానీ నాకూ పెద్దగా ఆశ లేదు.

ఒకరోజు ఇంటర్వెల్‌లో నేను వరండాలో ఉండగా, ఆ పిల్ల ప్రహరీ గోడ దగ్గర నిలబడి కల్లంలో ఉన్న నాయనమ్మను పిలిచింది. "నాయనమ్మో" అని. ఆ చివరి ఓకారం సన్నగా, నిటారుగా లేచింది. వారంనుంచి నేను అడుగుతున్న స్వరం కంటే కూడా పైన. మాట్లాడే గొంతు వేరు, పిలిచే గొంతు వేరు. ఆ పిల్ల ఇన్నాళ్లూ మాట్లాడే గొంతుతో పాడుతోంది, అంతే.

గదిలోకి తీసుకెళ్లి నాయనమ్మను పిలవమన్నాను.

"ఇక్కడ లేదుగా టీచర్," అంది.

ఉందనుకోమన్నాను. పిలిచింది. మళ్లీ పిలిచి, చివరి ఓకారం దగ్గర ఆగమన్నాను. ఆగింది. నేను నా గొంతు తీసుకెళ్లి అక్కడ కలిపాను. రెండు గొంతులు సరిగ్గా ఒకటైనప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆ పిల్లకు తెలిసింది. పాడటం ఆపి నా నోటివైపు చూసింది.

"ఏంది టీచర్ అది?"

కలవడమంటే అదేనని చెప్పాను. మళ్లీ చేద్దామంది. ఆ మధ్యాహ్నం మూడో తరగతికి లెక్కలు జరగలేదు.

అప్పటినుంచి ప్రాక్టీసు పిలుపులతోనే మొదలుపెట్టాం. ఒకరు ఇంట్లో వాళ్లను పిలిచి చివర ఆగాలి, మిగతావాళ్లు వెళ్లి ఆ స్వరంలో కలవాలి. మొదటిరోజే కల్లంలోని ఆడవాళ్లు పని వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ఒకామె చేతిలో చేట అలాగే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదనీ, పాట నేర్పుతున్నామనీ చెప్పాను. కాసేపు విని, ఇది పాట కాదని తేల్చి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరు పిలిచినా రాలేదు. ఒక పిల్లవాడు మెట్ల మీద పడి మోకాలు పగిలి నిజంగానే అమ్మను పిలిచినప్పుడు కూడా రాలేదు. కట్టు నేనే కట్టాను.

పోటీ నరసరావుపేటలో జరిగింది. బస్సులో వెళ్లాం. మిగతా బడుల వాళ్లకు కీబోర్డు, ఒకే రంగు పట్టుబట్టలు ఉన్నాయి. మావాళ్లకు యూనిఫాం ఉంది. టీచర్లు స్టేజీ ఎక్కకూడదని అక్కడికి వెళ్లాక చెప్పారు. మొదటి స్వరం ఇవ్వాల్సింది నేను. పిల్లలు స్టేజీ మీద నిలబడి, కింద ఉన్న నన్ను చూశారు. నేను ఆ అమ్మాయిని చూశాను. నా చూపులో ఏమీ లేదు, భయం తప్ప. ఆ పిల్ల హాలు చివరకు చూస్తూ, "నాయనమ్మో" అని పిలిచింది.

హాలంతా నవ్వింది. ఆ పిల్ల ఓకారం దగ్గర ఆగి, వదల్లేదు. ఒక్కొక్కరే వచ్చి కలిశారు. నవ్వు ఆగిపోయింది. అందులోంచే పాట ఎత్తుకున్నారు. మూడో చరణం అందరూ కలిసికట్టుగా మర్చిపోయి నాలుగోదానికి వెళ్లారు. ఒక్కరు కూడా విడిపోలేదు. కళ్లు తుడుచుకోవడానికి నా దగ్గర చున్నీ తప్ప ఏమీ లేకపోయింది.

మూడో బహుమతి వచ్చింది. జడ్జీల్లో ఒకాయన దిగివచ్చి, మొదట్లో పాడింది ఏ రాగమని అడిగారు. రాగం కాదండీ, వాళ్ల నాయనమ్మ అన్నాను. ఆయన రాసుకున్నారు.

కప్పు హెడ్‌మాస్టరు గారి బల్ల మీద ఉంది. ఆ అమ్మాయిని ముందు వరసలో పెట్టింది తనేనని వచ్చినవాళ్లకు చెబుతారు. అది నిజమే. పిల్ల ఇప్పుడు హైస్కూలుకు వెళుతోంది. అక్కడ పాటలు లేవు, ఖోఖో ఉంది, అందులో చేరింది. పొద్దున బస్టాపులో కనబడితే, ఈ ఏడు ఏం పాట నేర్పుతున్నారని అడుగుతుంది. నేను చెప్పడం మొదలుపెట్టేసరికి బస్సు వస్తుంది.