నీళ్లు తాగని ఆడపిల్లలు

ఫినాయిల్ వాసన తగిలితే నాకు రషీదా టీచర్ గుర్తొస్తారు. ఎనభైల మొదట్లో ఎల్లారెడ్డి ఊరి బడిలో మాకు సైన్సు చెప్పారు. ఆ వాసన మా బడిలో ఒక్క గదిలోంచే వచ్చేది. అది ఉపాధ్యాయుల మరుగుదొడ్డి, దానికెప్పుడూ తాళం. మగపిల్లలు గోడ వెనక్కి పోయేవారు. ఆడపిల్లలం పొద్దున్నుంచి నీళ్లు ముట్టకుండా కూర్చునేవాళ్లం. దాన్ని మా అణకువ అనుకున్నారు పెద్దలు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా పక్కన కూర్చునే సావిత్రి ఒకరోజు తరగతిలోనే కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. టీచరే ఆసుపత్రికి తీసుకెళ్లారు. మలం రాయిలా గట్టిపడి, లోపల చీరుకుపోయి రక్తం వస్తోందట. మర్నాడు టీచర్ పాఠం పక్కన పెట్టి ఆ సంగతే ఎత్తుకుంటే మగపిల్లలు నవ్వారు.

"నవ్వుడు అయిపోయిందా? అయితే వినుండ్రి. పొద్దున లేవంగనే చెంబెడు నీళ్లు తాగాలె. జొన్నరొట్టె, ఆకుకూర తినాలె. కడుపు పిలిచినప్పుడు లేచి పోవాలె. రోజూ ఆపుకుంటే అది పిలుసుడే మానేస్తది."

"యాడికి పోవాలె టీచర్?" అని సావిత్రి మెల్లగా అడిగింది.

టీచర్ నేరుగా హెడ్మాస్టరు గదికి నడిచారు. వెనకే మేమూ వెళ్లాం.

"ఆడపిల్లలు ఇంటికాడ్నే చూస్కొని రావాలె," అన్నాడాయన.

"మీరు గట్లనే వస్తున్నరా సార్? మరి ఆ తాళం ఎవరి కోసం?"

టీచర్ నీళ్ల కుండను ఆయన గుమ్మం ముందుకే తెప్పించారు. మమ్మల్ని వరుసగా నిలబెట్టి తలా ఒక గ్లాసు ముంచి ఇచ్చారు. "తాగుండ్రి బిడ్డా. పోనీకి జాగ సార్ చూపిస్తడు."

గంట కొట్టకముందే తాళంచెవి బయటికొచ్చింది.

సావిత్రి నెమ్మదిగా కోలుకుంది. పొద్దంతా బీడీలు చుడుతూ చాట ముందు కదలకుండా కూర్చునే వాళ్లమ్మ కూడా నడుమ నడుమ లేచి తిరగడం నేర్చుకుంది. టీచర్‌ను మాత్రం క్రమశిక్షణ చెడగొట్టిందని మద్నూర్ బడికి పంపేశారు. పిల్లల కడుపులు చెడగొట్టినవారిని ఎవరూ ఎక్కడికీ పంపలేదు. సెలవుల తరువాత మళ్లీ తాళం పడింది. ఈసారి మాకు ఎవరూ చెప్పలేదు. గ్లాసులు పట్టుకుని మేమే హెడ్మాస్టరు గుమ్మం ముందు నిలబడ్డాం.

ఇప్పుడు నేనూ పంతులమ్మనే. నా తరగతిలో బయటికి పోవడానికి ఏ పిల్లా చెయ్యెత్తి అనుమతి అడగదు. లేచి వెళ్తుంది.