పూనకం పరీక్ష

మొన్న ఏలూరులో ఒక మ్యూజిక్ షాపువాడు కీబోర్డు మీద దానంతటదే డప్పు దరువు మోగించే స్టైల్ వేసి, "అచ్చం తోలు మోతేనండి" అన్నాడు. నాకు చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది.

ఫ్లాపీలు వాడే రోజుల్లో మా చిన్నాన్న జాతరలకు కీబోర్డు వాయించేవాడు. ఒకసారి కొల్లేటి లంకలో బేరం మాట్లాడుకోవడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు.

"సౌండు మంచిచెడ్డలు మాకేం తెలుస్తాయండీ మాస్టారూ," అన్నాడు ఊరిపెద్ద. "మా వెంకమ్మకి పూనకం వచ్చిందంటే మీది మంచి పెట్టే. ఇక డప్పులోళ్లతో పనిలేదు."

వెంకమ్మకు ఏటా జాతరలో అమ్మవారు పూనుతుంది. డప్పు కొట్టేది ఆమె మొగుడే.

చిన్నాన్న ఫ్లాపీలోంచి డప్పు స్టైల్ ఎక్కించి బటన్ నొక్కాడు. వెంకమ్మ పందిరి గుంజను వాటేసుకుని పళ్లు బిగబట్టింది.

"వదలమాకే," అన్నాడు మొగుడు మెల్లగా.

అమ్మవారు పెట్టెలోంచి వచ్చి ఆమెను లాగుతోందనుకుని నేను వెనక్కి జరిగాను. చిన్నాన్న వేగం పెంచాడు. ముందు ఆమె మడమ కదిలింది, తరవాత భుజాలు. జుట్టు విడిపోయింది.

"వచ్చిందండీ, తల్లి వచ్చింది," అంటూ అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను.

ఏ తల్లీ రాలేదు. ఏళ్ల తరబడి ఆ దరువుకు అలవాటుపడిన ఒళ్లు అది. మొగుడు కొట్టినా యంత్రం కొట్టినా దానికి ఒకటే. దండం పెట్టిన మాకెవరికీ తెలియని ఆ సంగతి వెంకమ్మకు తెలుసు. తెలిసీ ఒంటిని ఆపుకోలేక, ఇంటి కూటిని తన కాళ్లతోనే తొక్కేసింది.