గుడివాడ దాకా మేమిద్దరమే

విజయవాడ నుంచి పెడనకు ప్యాసింజరు బండిలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఆర్నెల్ల కొడుకును ఒళ్ళో పెట్టుకుని వెళ్తే మాత్రం అది కాశీయాత్రంత. నేను కాశీ వెళ్ళలేదు గాని, వెళ్ళొచ్చినట్టు చాలామందికి వర్ణించి చెప్పాను కాబట్టి ఆ దూరమెంతో నాకు బాగా తెలుసు.

వెళ్ళింది మావాడి అన్నప్రాశనకు. పేరు గౌతమ్. నాకు నలభై ఆరో ఏట పుట్టాడు. వాడు పుట్టిన పూట కృష్ణ నీళ్ళు బ్యారేజీ దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి చూసి మరీ సముద్రానికి వెళ్ళాయని వన్ టౌన్‌లో నా తువ్వాళ్ళ కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాను. సగంమంది నమ్మారు. తక్కిన సగంమంది బేరమాడబోతున్నవాళ్ళు గనక వాళ్ళూ నమ్మినట్టే తలూపారు.

నా భార్య జయ పుట్టిల్లు పెడన, మగ్గం నేసే కుటుంబం. తొలి కాన్పు కాబట్టి పురుడు అక్కడే. ఐదో నెల దాకా తల్లీబిడ్డా అక్కడే ఉన్నారు. నేను ఆదివారాలు వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. వాళ్ళు మా ఇంటికి వచ్చి నెల కూడా తిరక్కుండానే చిక్కొచ్చి పడింది. జయ గుడివాడలో ఒక కాలేజీలో లెక్చరరు. సెలవు అయిపోయింది. శనివారం వెళ్ళి చేరాలి, సోమవారం నుంచి పాఠాలు చెప్పాలి. మరి పగలంతా పిల్లాణ్ణి ఎవరు చూడాలి? కొట్టు మీద మేడలోనే ఇల్లు, నేనే చూస్తానన్నాను.

మా అత్తగారు ఫోనులో చాలాసేపు నవ్వారు. "అల్లుడు గారూ, మీరెత్తుకుంటే పిల్లాడు గుక్కపెడుతున్నాడంట గదండీ. వాడికి నడకొచ్చేదాకా నా దగ్గరే ఉంచండి. మీరు ఎప్పట్లాగే ఆదివారాలు వచ్చి చూసి పోదురు గాని."

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే నా బాధ. నేను ఎత్తుకుంటే చాలు, మావాడు బెజవాడలో మొదలుపెట్టిన ఏడుపు బందరు రేవులో పడవలవాళ్ళు విని తెరచాపలు దించేవాళ్ళు. 'బంగాలు కొండా, చిట్టి నాన్నా' అని నేను గొంతు సన్నం చేసి ఎంత ముద్దుగా పిలిస్తే అంత గట్టిగా ఏడ్చేవాడు.

చివరికి జయే తీర్పు చెప్పింది. "శనివారం పొద్దున నేను కాలేజీకి పోతాను. మధ్యాహ్నం బండికి మీరు వాణ్ణి తీసుకుని రండి, గుడివాడలో నేనెక్కుతాను. అక్కడిదాకా మీరిద్దరే. వాడు మీ దగ్గర నిలిస్తే ఆదివారం మనతో తిరిగొస్తాడు. నిలవకపోతే అమ్మ చెప్పినట్టే."

"నిలవడమేంటి, గుడివాడలో నువ్వు రమ్మన్నా నీ దగ్గరికి రాడు చూడు" అన్నాను. అనడానికేముంది.

మచిలీపట్నం ప్యాసింజరు మధ్యాహ్నం రెండు దాటాక ఉంది. స్టేషనుకు ఒకటిన్నరకే చేరుకున్నాను. పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఒక మాట: బండి ప్లాట్‌ఫాం మీదకు వచ్చాక ఎక్కుదామనుకోకండి, ముందే వెళ్ళి నిలబడండి. కిటికీ పక్క సీటు, దాని పైన సామాన్లు పెట్టుకునే రాక్ గట్టిగా ఉండేచోటు చూసుకోండి. టికెట్టుకయ్యే ఖర్చు స్టేషను బయట తాగే రెండు టీల పాటి ఉండదు. సంచిలో పాలసీసా, గుడ్డలు, గిలక్కాయ, మార్చడానికి చొక్కా పెట్టుకోండి. చొక్కా పిల్లాడికి కాదు, మీకు.

రాక్ ఎందుకంటే ఉయ్యాలకు. మావాడు చీర ఉయ్యాలలో తప్ప పడుకోడు. జయ చీర ఒకటి ఇంట్లో దూలానికి కట్టి ఉంటుంది, ఉతికి ఉతికి రంగేమిటో తెలియకుండా పోయిన చీర. అలాంటి పాతగుడ్డలో నా కొడుకును ఊరేగించడమా? బట్టల వ్యాపారిని గదా, పరువు అడ్డొచ్చింది. పక్క కొట్టులోంచి మేలిరకం నూలు చీర, మడత విప్పనిది తెప్పించి సంచిలో పెట్టాను.

బండి కదిలి మధురానగర్ దాటేలోపే రాక్ కడ్డీకి చీర కట్టేశాను. ముడి అద్భుతంగా కుదిరింది. ఆ ముడితో పులిచింతల డ్యాం గేట్లు కట్టేయొచ్చు. ఎదుటి సీటులో ఇద్దరున్నారు. ఒకాయన ఒళ్ళో టిఫిన్ సంచి పెట్టుకున్న బందరు పెద్దమనిషి. పక్కన ఇందుపల్లిలో దిగవలసిన ఒక ముసలమ్మ. ఇద్దరూ ముందుకు వంగి చూస్తున్నారు.

మావాణ్ణి ఉయ్యాలలో పెట్టాను. చీర గంజికి ఫెళఫెళమంది. వాడు ఒకసారి అటూ ఇటూ చూసి, ముక్కు చిట్లించి, ఏడుపు అందుకున్నాడు.

"కొత్త చీరలో ఏసావా అబ్బాయ్?" అంది ముసలమ్మ. "అది చీరా, అట్టముక్కా? పసోడి ఒళ్ళు కోసుకుపోదూ? తల్లి కట్టిన పాత చీర కావాల. మెత్తదనం ఒకటే కాదు, తల్లి వాసన ఉండాల దానికి."

"మంచి రకం అండి ఇది" అన్నాను.

"మంచిదే. నువ్వు కట్టుకో."

రామవరప్పాడులో ఎత్తుకున్నాను. నిడమానూరులో నిలబడి ఊపాను. గిలక్కాయ ఆడించాను. పాలసీసా పెడితే ఉమ్మేశాడు. గొంతు సన్నం చేసి 'బంగాలు కొండా' అన్నాను. పక్క పెట్టెలో నిద్రపోతున్నవాళ్ళు లేచి వచ్చి చూసి వెళ్ళారు. ముసలమ్మ తీసుకుని భుజాన వేసుకుంది, ఆగలేదు. బందరు పెద్దమనిషి చిటికెలు వేశారు, కళ్ళజోడు తీసి ఆడించారు. ఆ కళ్ళజోడు మావాడి చేతికి చిక్కింది గాని ఏడుపు మాత్రం ఆగలేదు.

"వీళ్ళమ్మ లేదా బాబూ?" అందావిడ.

"గుడివాడలో ఎక్కుతుందండి."

"అమ్మో, గుడివాడా" అంది. ఆ ఒక్క మాటకు నా ప్రాణం ఉసూరుమంది. ఉప్పులూరు వచ్చేసరికి నాకు కిటికీలో చేలు కనబడటం మానేశాయి. ఆదివారం తిరుగు బండి కనబడుతోంది. అందులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఒళ్ళో అత్తగారు కట్టిచ్చిన గారెల గిన్నె ఉంది.

తరిగొప్పుల దాటుతుండగా ఫోను మోగింది. జయ.

ఒక చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని, రెండో చేత్తో ఫోను ఎత్తాను. రైలు చప్పుడుకు నా మామూలు కొట్టు గొంతుతో గట్టిగా అరిచాను. "ఆఁ, జయా. ఇక్కడా? ఏం లేదు, హాయిగా ఉన్నాం. నీ కొడుకు పెట్టెలో వాళ్ళందరికీ పాట పాడి వినిపిస్తున్నాడు. టీసీ గారు విని, వీడి టికెట్టు డబ్బులు తిరిగిచ్చేస్తానంటున్నారు."

"వాడికి టికెట్టే లేదు గదండీ."

"అదే మరి. లేని టికెట్టుకి ఇస్తానన్నారు."

అప్పుడు గమనించాను. పెట్టెలో రైలు చప్పుడు తప్ప ఇంకేం వినబడటం లేదు. మావాడు ఏడుపు మధ్యలో నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయి ఫోను వంక చూస్తున్నాడు. తర్వాత నా నోటి వంక చూశాడు. మళ్ళీ ఫోను వంక, మళ్ళీ నోటి వంక. దొంగను పట్టుకున్న కానిస్టేబుల్లాగా నెమ్మదిగా చెయ్యి చాచి నా పెదవి పట్టుకున్నాడు.

"ఏమైంది, మాట్లాడరేం?" అంటోంది జయ.

"జయా, నేను రోజూ పెడనకు ఫోను చేసినప్పుడు వీడెక్కడుండేవాడు?"

"నా పక్కనే. ఫోను స్పీకర్లో పెట్టి వాడి దిండు దగ్గర పడేసేదాన్ని. మీ కొట్టు కబుర్లు వింటూ పడుకునేవాడు. ఏం?"

ఏముంది. ఐదు నెలలపాటు మావాడికి నాన్నంటే ఫోనులో ఉండే ఒక పెద్ద గొంతు. ఆదివారాలు వచ్చి ముక్కుతో ముద్దు మాటలు మాట్లాడే ఈ మీసాలాయన ఎవరో వాడికి తెలియదు. ఎవరో తెలియనివాడు ఎత్తుకుని చిట్టి నాన్నా అంటే నేనైనా ఏడుస్తాను.

ఫోను పెట్టేసి, మావాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, కొట్టులో మాట్లాడినట్టే మాట్లాడాను. "ఒరే గౌతమూ, ఇక్కడే, ఈ కాలవలోనే మా తాత గాలమేస్తే కొర్రమీను పడింది. ఎంతుందనుకున్నావ్? తల ఇందుపల్లిలో, తోక దోసపాడులో. లాగి లాగి రైలు పట్టాల పక్కన పడుకోబెట్టాడు. ఈలోపు బండొచ్చింది. డ్రైవరు దాన్ని చూసి కొత్త ప్లాట్‌ఫాం కట్టారనుకుని ఆపేశాడు. జనం దిగారు. టీ కొట్టు కూడా పెట్టారు."

మావాడు రెప్ప వెయ్యలేదు.

"ఆ టీ కొట్టు మా మావయ్యదే" అన్నారు బందరు పెద్దమనిషి గంభీరంగా. "చేప తోకాడిస్తే సమోవారులో మరుగుతున్న నీళ్ళు ఒలికి కాళ్ళు కాలాయి పాపం."

ముసలమ్మ ఇందుపల్లిలో దిగుతూ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "చేపను కూర వండారా, అట్టానే ఒదిలేశారా?" అని మాత్రం అడిగింది.

దోసపాడు వచ్చేసరికి మావాడు పాలసీసా ఖాళీ చేసి, నా చొక్కా గుండీ గుప్పెట్లో పట్టుకుని, ఛాతీ మీద పడి నిద్రపోయాడు. గంజి చీర నెత్తిన ఫెళఫెళమంటూ ఖాళీగా ఊగుతోంది. నా చెయ్యి తిమ్మిరెక్కింది. కదపలేదు. ఆ చెయ్యి తీసి పక్కన పెట్టినా నాకు తెలిసేది కాదు.

గుడివాడలో జయ పరుగులాంటి నడకతో ఎక్కింది. వాడు కళ్ళు తెరిచి, తల్లిని చూసి, ఒక్క గెంతులో ఆవిడ దగ్గరికి పోయాడు. తల్లి ముందు ఎవరి మాటా నిలవదు.

"రాడన్నారు?" అంది జయ. తర్వాత ఎదుటాయన వంక తిరిగింది. "మీరు చెప్పండి బాబాయ్ గారూ, ఏడ్చాడా?"

"తరిగొప్పుల దాకా వాడు ఏడ్చాడమ్మా. అక్కణ్ణుంచి మీవారు మమ్మల్ని ఏడిపించారు" అన్నారాయన.

జయ నవ్వింది గాని తీర్పు చెప్పలేదు. "అమ్మ కూడా కళ్ళారా చూడాలి" అంది. గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు. సాయంత్రం ఐదవకముందే పెడనలో దిగాం.

అన్నప్రాశన ఆదివారం పొద్దున తొమ్మిదింటికి. పక్కింట్లో మగ్గం ఆపి మరీ వచ్చారు. మా బావమరిది రాజు మేనమామ హోదాలో కొత్త పంచె కట్టుకుని, ఉంగరంతో పరమాన్నం మావాడి నాలిక్కి రాశాడు. తర్వాత చాప మీద పుస్తకం, పెన్ను, బంగారం, మగ్గంలో నూలు అటూ ఇటూ పరిగెత్తించే నాడె పేర్చారు. నేను నా కొట్టు తువ్వాలొకటి నెమ్మదిగా ముందుకు జరిపాను. మావాణ్ణి బోర్లా పడుకోబెట్టగానే పాతికమంది ఒకేసారి గొంతులు సన్నం చేశారు. 'నాడె తీసుకోలా కన్నా', 'పెన్నులా బంగాలూ'.

వాడు దేన్నీ తాకలేదు. పెదవి వణికించి, ఎత్తుకున్నాడు రాగం. అత్తగారు తీసుకున్నారు, ఆగలేదు. జయ తీసుకుంది, ఆగలేదు. నేను నా తువ్వాలు మడతపెడుతూ కూర్చున్నాను. అడక్కుండా లేస్తే బాగుండదు గదా. నిజం చెప్పాలంటే, రైల్లో జరిగింది మళ్ళీ జరక్కపోతే ఏమవుతుందోననే లేవలేదు.

"బావ అబద్ధాలు చెప్తే ఆగాడంట గదా, నేనూ చెప్తా" అని రాజు అందుకున్నాడు. "ఒరే అల్లుడూ, నిన్న నేను వెయ్యి చీరలు నేశా." మావాడు ఇంకో మెట్టు పైకెక్కాడు.

"నీ అబద్ధంలో ఎక్కడో నిజం కలిసింది రాజూ. అందుకే వాడికి పడలేదు" అన్నాను.

అత్తగారు పిల్లాణ్ణి నా ముందుకు తెచ్చారు. "ఏదీ, చెప్పండి చూద్దాం."

తీసుకున్నాను. గొంతు సవరించుకున్నాను. "ఒరే గౌతమూ, ఆ కొర్రమీను నిన్న ఫోను చేసింది. మీ అమ్మమ్మ వండిన పరమాన్నం వాసన కాలవ దాకా వచ్చిందంట. ఒక గిన్నె పక్కన పెట్టమంది. ఇవ్వనన్నాను. మావాడికే చాలదన్నాను."

ఏడుపు ఆగింది. ఆగడమే కాదు, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వాడు. నవ్వుతూనే వంగి పరమాన్నం గిన్నెలో చెయ్యి ముంచేశాడు.

అత్తగారు గిన్నె పక్కకు జరిపారు. కొంగుతో వాడి చెయ్యి తుడిచారు. "ఇన్నేసి అబద్ధాలు రోజూ నేనెక్కడ తేగలనండీ" అన్నారు. "మీ సరుకు మీరే తీసుకెళ్ళండి. శనివారాలు మాత్రం తెచ్చి చూపించాల."

మధ్యాహ్నం బండికి బయల్దేరాం. గారెల గిన్నె ఈసారి జయ ఒళ్ళో ఉంది. పెడన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒకటే. వెళ్ళేటప్పుడు చూసిన కాలవలు, చెరుకు బళ్ళు, చేపల చెరువులు వచ్చేటప్పుడు కూడా అక్కడే ఉంటాయి, కంగారు పడకండి. ఆదివారాలు ఒక్కణ్ణే తిరిగొచ్చిన రోజుల్లో ఈ దారి పొడుగునా చూడదగ్గది ఏదీ లేదని కొట్టులో చెప్పేవాణ్ణి. అది నేనాడిన అబద్ధాల్లోకెల్లా పెద్దది.

గుడివాడలో జయ కిటికీలోంచి చెయ్యి చూపించింది. "రేపు ఈపాటికి నేనిక్కడుంటాను. మీరిద్దరూ ఏం చేస్తుంటారో ఏమో." అంటూనే నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. నేను నడుం పట్టుకుంటే మావాడు నా ఒళ్ళో నిలబడి, రెండు చేతులూ కిటికీ కడ్డీలకు వేసి, బయటికి చూశాడు. నేను కథ అందుకోబోయాను.

వాడే మొదలుపెట్టాడు. అబ్బ, బువ్వ, గగ్గ, అంటూ కాలవ వైపు చూస్తూ, మధ్యలో ఆగి నా మొహం చూసి, మళ్ళీ గట్టిగా అందుకుంటూ, చెయ్యి బారంత చాచి చూపిస్తూ చెప్పుకుపోతున్నాడు. ఒక్క ముక్క నమ్మదగ్గట్టు లేదు. ఉప్పులూరు వెళ్ళింది, నిడమానూరు వెళ్ళింది, బండి బెజవాడ స్టేషనులోకి దూరింది. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను.