సగం టర్మ్‌కి అధికమాసం లెక్క

మా ఆవిడ సిటీ కౌన్సిల్ మెంబరు. అమెరికాలో, ట్రాయ్ పక్కనే ఉన్న చిన్న ఊరు మాది. ఆమెకి పదవి వచ్చింది, నా నెత్తిన సోమవారం వంట పడింది. ఆమె మీటింగుకి వెళ్తే నేను ఉప్మా కలుపుతాను. ఉండలు కట్టిందని మా అమ్మ, ఉప్పు తక్కువైందని ఇంటికొచ్చాక ఆవిడ. ఇదీ మా ఇంటి ప్రజాస్వామ్యం.

మా ఊరికి రాజ్యాంగంలాంటి చార్టర్ ప్రకారం ఎవరైనా వరసగా రెండు టర్మ్‌లే చెయ్యాలి. మా ఆవిడ గెలిచింది ఒక్కసారే. అంతకుముందు ఒక మెంబరు మధ్యలో రాజీనామా చేస్తే, మిగిలిన కాలానికి కౌన్సిలే ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఇప్పుడు మళ్ళీ నిలబడతానంటే చిక్కొచ్చిపడింది. ఆ సగం టర్మ్ కూడా ఒక టర్మేనా, కాదా? చార్టర్ రాసిన మహానుభావులు ఆ సంగతి రాయలేదు. ఊరి లాయరు, సిటీ అటార్నీని అడిగితే, అలాగైనా అనుకోవచ్చు, ఇలాగైనా అనుకోవచ్చు, కౌన్సిలే ఓటు వేసి తేల్చుకోవాలన్నాడు. ఆ మాటకి ఆయనకి జీతం కూడానూ!

నేను పైకి అయ్యో అన్నాను. లోపల మాత్రం నా సోమవారాలు నాకు తిరిగొస్తున్నాయని ఒకటే సంబరం.

ఆవిడకి మాత్రం అన్నం సహించలేదు. ఆమెకి కావలసింది ఒక్కటే, మా ఇళ్ళున్న సబ్‌డివిజన్ నుంచి లైబ్రరీ దాకా నడవడానికి రోడ్డు పక్కన సైడ్‌వాక్. పిల్లల దగ్గరికొచ్చిన పెద్దవాళ్ళంతా పొద్దున్నే మంకీ క్యాపులు పెట్టుకుని, చీరల మీద స్వెట్టర్లు వేసుకుని ఆ రోడ్డంచునే నడుస్తారు. మా అమ్మా నడుస్తుంది.

"నేను దిగిపోతే ఆ ప్రాజెక్ట్‌ని మూలన పడేస్తారండీ," అంది.

"ఇంకో టర్మా! నాకు కరువులో అధికమాసమే," అన్నాను.

అమ్మ ఆ మాట పట్టుకుంది. "ఒరేయ్, అధికమాసం వచ్చిందని ఏడాదికి రెండు ఉగాదులు చేస్తామా? పండగలకి ఆ నెల లెక్కలోకి రాదు. చేసిన పుణ్యం మాత్రం వస్తుంది. కోడలి సగం టర్మూ అంతే. పని లెక్కే, టర్మ్ లెక్క కాదు. ఈ ముక్క నేనే వచ్చి చెప్తా."

"మీటింగ్‌లో ఎవరైనా మాట్లాడొచ్చు అత్తయ్యా. కానీ ఇంగ్లీషులో..."

"నీ మొగుడున్నాడుగా!"

అలా ఇరుక్కున్నాను. ఆ సోమవారం తన సంగతే కాబట్టి మా ఆవిడ ఓటు వెయ్యకూడదు, వచ్చి జనంలో కూర్చుంది. అమ్మ మైకు ముందు నిలబడి అధికమాసం గురించి చెప్తుంటే, పక్కన నేను ఇంగ్లీషులో చెప్తున్నాను. నిజం చెప్పొద్దూ, ఒక్క ముక్క అటూ ఇటూ చేస్తే చాలు, ఉప్మా వదిలిపోతుందని మనసు పీకింది. అంతలో అమ్మ అంది, "మొన్న ఒక కారు నా కొంగుని రాసుకుంటూ పోయింది. వీళ్ళు కంగారుపడతారని ఇంట్లో చెప్పలేదు."

ఉప్మా సంగతే మర్చిపోయాను. తిరిగి చూస్తే మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఎలాగో ఆ మాట కూడా ఇంగ్లీషులో చెప్పి ముగించాను.

ఓట్లు వేశారు. సగం టర్మ్ లెక్కలోకి రాదని తేల్చారు, మా ఆవిడ మళ్ళీ నిలబడొచ్చు! హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనేనట.

పార్కింగ్ లాట్‌లో అమ్మ ఆగింది. "ఒరేయ్, నేను చెప్పిందంతా చెప్పావా?"

"పొల్లు పోకుండా చెప్పానమ్మా."

"మరి చివర్న ప్లీజ్, ప్లీజ్ అన్నావేం? నేననలేదే!"

మా ఆవిడ అక్కడే నిలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. వచ్చే సోమవారం ఉప్మాలో జీడిపప్పు వేస్తానని చెప్పి, నేను కారు స్టార్ట్ చేశాను.