మా అన్న దయదలచిన తేనెటీగలు

తేనెటీగలంటే నాకు గిట్టదు. ఇప్పటికీ గిట్టదు. ఎవరైనా వాటి క్రమశిక్షణ గురించీ, కష్టపడే గుణం గురించీ పిల్లలకు పాఠం చెబుతుంటే లేచి అవతలికి పోతాను. నాలుగేళ్లు వాటితో ఒకే గదిలో కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది. వాటికంటే గిట్టనిది ఇంకొకటుంది. దయ. ఆ మాట ఎవరి నోట విన్నా, ఎవరి చోటు ఖాళీ చేయించబోతున్నారో అని ముందు అనుమానం వస్తుంది.

కర్నూలు రాజధాని అయిందని ఊరంతా మాట్లాడుకుంటున్న రోజుల్లో నేను ఎమ్మిగనూరులోని అత్తగారింటి నుంచి ఒక ట్రంకుపెట్టెతో ఆదోనికి తిరిగి వచ్చాను. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. భర్త పోయి ఏడాది. అత్తగారింట్లో తిండి పెట్టారు, పని పెట్టారు, పడుకోవడానికి మాత్రం పూటకో చోటు చూపించారు. ఒకరోజు జొన్న బస్తాల పక్కన, ఒకరోజు వంటింటి గడప దగ్గర, చుట్టాలొస్తే పెరట్లో. మా నాన్న చూడటానికి వచ్చి, అది కళ్లారా చూసి, ఆ సాయంత్రం బస్సుకే నన్ను వెంట తెచ్చుకున్నాడు. ఇంటికి రాగానే మూలగది తలుపు తీసి, మా అన్న ముందే అన్నాడు.

"ఈ రూము నా బిడ్డది. అది బతికినన్ని దినాలు దానిదే. దీన్ని గురించి ఎవురూ నోరెత్తేది లేదు."

మా అన్న నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, పెళ్లీడు కొడుకున్నవాడు. ఆయన తల ఊపాడు. ఆరు నెలలకు నాన్న పోయాడు.

గది పెద్దదేమీ కాదు. మంచం వేస్తే పెట్టెకు చోటు, పెట్టె పెడితే నాకు చోటు. కానీ దాని తలుపుకు లోపలివైపు గడియ ఉంది. పెళ్లయిన నాటి నుంచి నా చేత్తో గడియ వేసుకున్న తలుపు అదొక్కటే. అది చాలు నాకు.

ఆ గది వెనకగోడ మూరన్నర మందం. కట్టేటప్పుడే అందులో పెద్ద మట్టి బాననొకదాన్ని అడ్డంగా పడుకోబెట్టి కట్టారు. దాని మూతి గదిలోకి తెరుచుకుంటుంది. మా అమ్మ బతికున్నప్పుడు అందులో కందిబేడలు దాచేది. ఆమె పోయాక అది ఖాళీగా పడి ఉంది. చెక్కమూత పుచ్చిపోయింది. వానలకు గోడ బయటివైపు పగిలి, బాన అడుగు కూడా పగిలి, వెనకసందు నుంచి వేలు దూరేంత దారి పడింది. నాన్న పోయాక వచ్చిన ఉగాది ముందర, ఆ దారిన వచ్చి బానలో చేరాయి తేనెటీగలు.

మొదటి రోజే నా కనురెప్ప మీద కుట్టింది ఒకటి. ముఖం ఉబ్బి కన్ను మూసుకుపోయింది. పుచ్చిన మూత సందుల్లోంచి అవి గదిలోకి వచ్చి తిరుగుతున్నాయి. దుప్పటి దులిపితే ఈగ, చీర మడత విప్పితే ఈగ. పొగ పెట్టి తరిమేయించమని అన్నను అడిగాను.

"ఛీ, అదేం మాట! నోరు లేని జీవాలు. మనింటిని నమ్ముకొని వచ్చినాయి. వాటిని కాల్చి పాపం మూటగట్టుకుంటామా? నువ్వు వంటింటి వసారాలో పండుకో. నీకేముంది, ఒక సాప పరుచుకుంటే అయిపాయె" అన్నాడు.

నేను కూడా ఆ ఇంటినే నమ్ముకొని వచ్చానని ఆయనకు తోచలేదు. నాకు నోరుంది కదా, అదే వచ్చిన చిక్కేమో.

వసారాకు తలుపు లేదు. మా వదిన తెల్లవారకముందే పొయ్యి ముట్టించడానికి వచ్చి నా కాళ్లు దాటుకుంటూ పోయేది. ఒక్కోసారి తొక్కుకుంటూ పోయేది. ఎమ్మిగనూరులో వదిలించుకున్నాననుకున్న బతుకు బస్సెక్కి నా వెనకే వచ్చినట్టయింది. అది చాలదన్నట్టు ఈగలకు నీళ్లు పెట్టే పని కూడా నా మీదే పడింది. రోజూ పొద్దున్నే తలకు గుడ్డ చుట్టుకొని, పళ్లెంలో నీళ్లు పోసి, మునిగిపోకుండా నాలుగు పుల్లలు వేసి, నా గది గడప లోపల పెట్టి రావాలి. నా గదిని ఆక్రమించినవాటికి నేను ఊడిగం!

మా అన్నది పత్తి వ్యాపారం. వాకిలి నిండా పత్తి, మనుషులు. వచ్చిన ప్రతివాడినీ మూలగది వాకిట్లోకి తీసుకెళ్లి, దూరం నుంచే చూపించేవాడు. "తరమమని అందరూ సెప్పినారు. నాకు మనసొప్పలేదు" అనేవాడు. మంత్రాలయం పోతూ దాహానికి ఆగిన యాత్రికులకు కూడా చెప్పేవాడు. వాళ్లు చేతులు జోడించి "సల్లని మనసు శెట్టీ నీది" అని పోయేవాళ్లు. ఆ చల్లని మనసు కోసం రెండు నెలలు నేను నేల మీద పడుకున్నాను. ఒళ్లు మండిపోయేది.

చివరికి ఒక మధ్యాహ్నం, అన్న మార్కెట్‌కు పోయి వదిన కునుకు తీస్తున్నప్పుడు, కట్టెకు పాతగుడ్డ చుట్టి కిరసనాయిల్‌లో ముంచి, అగ్గిపెట్టె పట్టుకొని బయల్దేరాను. అన్నీ మాడి మసైపోవాలి, అంతే నా కోరిక. వాకిట్లో పత్తిలో ఆకూ పుల్లా ఏరే ముసలామె ఒకామె ఉండేది. నందవరం పక్క పల్లె ఆమెది. ఆదివారం ప్రార్థనకు తప్ప మిగతా దినాలన్నీ మా వాకిట్లోనే. నన్ను చూసి లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"యాడికి పోతాండావమ్మా అగ్గిపెట్టె ఎత్తుకొని? వాకిలంతా పత్తి ఉండాది. ఒక్క రవ్వ పడితే ఇల్లుండదు, మేముండం, నువ్వూ ఉండవు."

కోపంలో నాకు ఆ పత్తి కనపడనే లేదు. కట్టె కింద పడేసి, ఏడుపు రాక, ఈగల్నీ అన్ననీ కలిపి తిట్టాను. ఆమె అంతా విని, గదిలోకి తొంగిచూసి, వెనకసందులోకి పోయి గోడ చూసి వచ్చింది.

"ఇంతేనా! వాటికి ఎనకపక్క దోవ ఉండాది గదమ్మా. ఈపక్క బాన మూతి గట్టిగా మూసి మట్టి మెత్తెయ్. అవి ఎనక నుంచి వస్తాయి, పోతాయి. నీ జోలికి రావు. మా పల్లెలో ఇంట్లో ఉండే ఈగల్ని ఇట్లే పెట్టుకుంటాం. సంపేదెందుకు?"

రెండు నెలలుగా ఇంటిల్లిపాదికీ తోచనిది ఆమెకు రెండు నిమిషాల్లో తోచింది.

మర్నాడు పొద్దువాలే వేళకు ఇద్దరం గదిలో చేరాం. ఎర్రమట్టిలో పేడా, కాస్త పత్తిపొట్టూ కలిపి ఆమె ముద్ద చేసింది. నేను పిడక పొగను మూతి దగ్గర మెల్లగా ఊదాను. గదిలో తిరుగుతున్నవి ఒక్కొక్కటే బానలోకి సర్దుకున్నాయి. పుచ్చిన చెక్క తీసేసి, సరిపోయే మట్టిమూకుడు బోర్లించి, చుట్టూ ముద్ద మెత్తాం. రెండు నన్ను కుట్టాయి, ఒకటి ఆమెను. ఒక్క ఈగా చావలేదు. గోడకు చెవి ఆనిస్తే లోపల చిన్నగా రొద. వెనకసందులో అవి ఎప్పటిలాగే వచ్చిపోతున్నాయి. ఆమెను సాగనంపి, నేను లోపలికి వచ్చి గడియ వేసుకున్నాను. రెండు నెలలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. సంతోషంతోనే ఏడ్చాను.

తెల్లారి అన్న వచ్చి చూశాడు. గోడ చూశాడు, నా మంచం చూశాడు, వదిన ముఖం చూశాడు.

"బాగా సేసినావ్. జీవహింస లేకుండా అయిపాయె. పిల్లోని పెండ్లి వచ్చె నెల పెట్టుకున్యాం గదా, కొత్తజంటకు ఈ రూము సరిపోతాది. సున్నం కొట్టేవాన్ని సాయంత్రం పిలుచుకొస్తా. నీ పెట్టె తీసి వసారాలో పెట్టుకో."

"ఇది నాదని నాన్న సెప్పినాడు గదన్నా."

"నాన్న పోయినాడు గదా" అన్నాడు. పైగా, "నువ్వు వసారాకు అలవాటు పడినావులే" అని కూడా అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు. ఆయన ఈగల మీద దయ చూపించలేదు. నన్ను గది నుంచి కదిలించడం ఆయనకు చేతకాకపోతే, ఆ ఈగలు వచ్చి ఆ పని చేసిపెట్టాయి. అందుకే అవి అంత ముద్దొచ్చాయి.

ఆయన బయటికి పోయాక వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి, మట్టి మొత్తం పెళ్లగించి, మూకుడు లాగేశాను. ఊరికే ఉన్నవాటిని కదిలించాను, అవి ఊరుకుంటాయా? పెదవి మీద, మెడ మీద, చేతుల మీద కుట్టాయి. నేను కదలకుండా మంచం మీద కూర్చున్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను.

సాయంత్రం అన్న సున్నం కొట్టేవాడితో వచ్చి తలుపు తోశాడు. సున్నం కొట్టేవాడు బకెట్ వదిలేసి వాకిట్లోకి ఉరికాడు. అన్న ముఖానికి పంచె అడ్డం పెట్టుకొని అరిచాడు.

"నీకేమన్నా పిచ్చా? కిరసనాయిలు తెండిరా! కాల్చి పారేస్తా వీటిని!"

వాకిట్లో పత్తి బేరానికి వచ్చిన పెద్దమనుషులు నలుగురు కూర్చొని ఉన్నారు. నా పెదవి గారెలా ఉబ్బింది. అయినా గట్టిగానే అన్నాను.

"నోరు లేని జీవాలు గదన్నా. మనింటిని నమ్ముకొని వచ్చినాయి. వాటిని కాల్చి పాపం మూటగట్టుకుంటామా?"

ఆ నలుగురిలో ఒకాయన తల ఊపుతూ, "ఔను శెట్టీ, మొన్న నువ్వే గదా సెప్పింటివి" అన్నాడు. మా అన్న నన్ను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. కిరసనాయిలు మాట మళ్లీ ఎత్తలేదు. పెళ్లి ముందర గూడు చెరిపితే అరిష్టమని వదిన కూడా భయపడింది. కొత్తజంటకు మిద్దె మీద గది కట్టించారు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ గది మాదే, వాటిదీ నాదీ. మాకు స్నేహం కుదరలేదు. మెల్లగా కదలడం, తలకు వాసన నూనె రాసుకోకపోవడం, దుప్పటి దులపకుండా విప్పడం నేర్చుకున్నాను. అవి మాత్రం ఏమీ నేర్చుకోలేదు. బుద్ధి పుట్టినప్పుడల్లా కుట్టాయి. పొద్దున్నే నీళ్లు పెట్టాను, మనసులో తిట్టుకుంటూనే పెట్టాను. కానీ ఆ నాలుగేళ్లలో ఒక్క మనిషి కూడా ఆ గడప దాటి లోపలికి రాలేదు.

నాలుగో ఏడు వానల్లేవు. చేలల్లో పువ్వన్నదే లేదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం గదిలోకి వస్తే రొద లేదు. బానలో చెయ్యి పెట్టి చూశాను. ఎండిపోయిన తుట్టెలు నాలుగు, అంతే. ఎప్పుడెప్పుడు పోతాయా అని ఎదురుచూసినదాన్ని, తీరా పోయాక బానకు చెవి ఆనించి వాటి రొద కోసం వెతికాను. వెన్ను వెనక గోడ లేనట్టు అనిపించింది. తలుపు వైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే తలకు గుడ్డ చుట్టుకొని, పళ్లెంలో నీళ్లు పోసి, నాలుగు పుల్లలు వేసి గడప దగ్గరికి వచ్చాను. అన్న కోడలు అటుగా వస్తోంది.

"దూరం, దూరం! ఈ పొద్దు శానా కోపంగా ఉండాయి" అన్నాను.

ఆ పిల్ల కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని పరుగెత్తింది. నేను లోపలికి పోయి గడియ వేసుకున్నాను.